వైఫై రాకపోతే లైనక్స్‌ది తప్పా?

మన హాస్టళ్ళలో ఒక మాట బాగా పాతుకుపోయింది. "లైనక్స్‌లో వైఫై రాదు." జనగామలో అదే మాట, మానుకోటలో అదే మాట, భూపాలపల్లిలోనూ అదే మాట. లోపల ఏ చిప్పు ఉందో ఎవరూ అడగరు, ఎక్కడ ఆగిందో ఎవరూ చూడరు. మెస్ ప్లేట్ల లాగా ఈ మాట కూడా సీనియర్ల నుంచి జూనియర్లకు వారసత్వంగా వస్తూనే ఉంది. ఇది తప్పుడు మాట అని చెప్పడానికే ఈ సంచికలో మాకిచ్చిన పేజీలు వాడుకుంటున్నాం.

ఇప్పుడే ఎందుకు చెప్పాల్సి వస్తున్నదంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. అవి లేని ల్యాప్‌టాప్‌లు పట్నంలోని ఆఫీసుల నుంచి బయటికి వస్తున్నాయి. అవి చెడిపోయినవేం కావు. మన పూర్వ విద్యార్థులు, అన్నలూ అక్కలూ, వాటిని అడిగో కొనో తెచ్చి, ఉబుంటునో లైనక్స్ మింట్‌నో వేసి, వార్షికోత్సవం రోజున హాస్టల్‌కు ఇస్తున్నారు. శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం, చప్పట్లు కొడతాం. బాగానే ఉంది. రెండు నెలల తర్వాత వచ్చి చూస్తే? ఆ ల్యాప్‌టాప్ బీరువాలో దుమ్ము పట్టి ఉంటుంది. లేదంటే బజార్లోని షాపుకు పోయి, దొంగ విండోస్ వేయించుకొని, దాంతోపాటు నాలుగు వైరస్‌లను మోసుకొని వచ్చి ఉంటుంది. ఏమైందని అడిగితే ఒకటే జవాబు: "వైఫై రాలేదన్నా."

నెట్ లేకపోతే సినిమాలు చూడరు, అంతే కదా అనుకునే రోజులు పోయాయి. 2016 నుంచి డిగ్రీ సీటు దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లోనే. 2018 నుంచి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కంప్యూటర్ ముందు కూర్చొని రాయాల్సిందే. స్కాలర్‌షిప్ రెన్యువల్ ఈ-పాస్‌లో. పరీక్ష రోజే మొదటిసారి మౌస్ పట్టుకునే పిల్లకూ, ఇంట్లో కంప్యూటర్ మీద పదిసార్లు మాక్ టెస్ట్ రాసిన పిల్లకూ తేడా ఎక్కడ మొదలవుతుందో మనకు తెలియనిది కాదు. 2016 అక్టోబర్ 11న మన పాత వరంగల్ జిల్లా విడిపోయి ఈ మూడు ఊళ్ళూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి గానీ లైనక్స్ తెలిసిన మెకానిక్ మాత్రం ఇంకా రాలేదు! జనగామ, మానుకోట వాళ్ళు రైలెక్కి వరంగల్ పోయి అడగవచ్చు. భూపాలపల్లికి ఆ రైలు కూడా లేదు. పరకాల మీదుగా బస్సులో హన్మకొండ పోయి రావాలంటే ఒక రోజు, ఇద్దరి చార్జీలు. కాబట్టి ఈ పని మన చేతికి రావాలి.

పొద్దున హాస్టల్లో నల్లా రాకపోతే ఏం చేస్తాం? నల్లాను తిట్టుకుంటూ కూర్చోం. ఒకడు డాబా ఎక్కి ట్యాంకు చూస్తాడు, ఒకడు మోటారు దగ్గరికి పోతాడు, ఒకడు కరెంటు ఉందా లేదా చూస్తాడు, చివరికి వాల్వు ఎవరో తిప్పారని తేలుతుంది. వైఫై కూడా అంతే. చిప్పు నుంచి వెబ్‌సైటు దాకా ఒక గొట్టం ఉందనుకోండి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో కనిపెట్టాలి. ముందుగా పక్కవాడి ఫోను అదే వైఫైకి కలిపి చూడాలి. ఫోనులోనూ నెట్ రాకపోతే తప్పు రూటర్‌ది, లేదా నెట్ ఇచ్చేవాళ్ళది. ల్యాప్‌టాప్‌ను ముట్టుకోవద్దు. ఫోనులో వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతేనే మన పని మొదలవుతుంది.

అప్పుడు కూడా "రావట్లేదు" అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. అసలు వైఫై గుర్తే కనబడటం లేదా? నెట్‌వర్క్ పేర్లు కనబడి, కలవడం లేదా? కలిసింది గానీ పేజీలు తెరుచుకోవడం లేదా? ఇవి మూడు వేర్వేరు జబ్బులు. జ్వరానికీ కాలు విరిగినదానికీ ఒకే గోలీ ఇస్తే ఎట్లా ఉంటుందో, ఈ మూడింటికీ "మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యి" అనే మందు అట్లా ఉంటుంది.

వైఫై గుర్తే లేనప్పుడు మొదట వాల్వు చూడాలి. చాలా పాత ల్యాప్‌టాప్‌లకు ముందు అంచున గానీ పక్కన గానీ ఒక చిన్న జరిపే స్విచ్ ఉంటుంది. బ్యాగులో పెట్టేటప్పుడు అది జరిగిపోతుంది. కొన్నింటికి కీబోర్డు పైవరుసలో యాంటెన్నా బొమ్మ ఉన్న కీ ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. అందులో 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. సాఫ్ట్ బ్లాక్డ్ ఎదురుగా 'ఎస్' అని ఉంటే 'ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్' కొడితే పోతుంది. హార్డ్ బ్లాక్డ్ ఎదురుగా 'ఎస్' ఉంటే ఏ కమాండూ పనిచేయదు, ఆ స్విచ్ వెతికి జరపాల్సిందే. దీని కోసం షాపువాడికి డబ్బులు కట్టివచ్చిన తమ్ముళ్ళు మాకు తెలుసు.

స్విచ్ బాగానే ఉందా? అయితే చిప్పు ఎవరిదో అడగాలి. 'ఎల్ఎస్‌పీసీఐ' రాసి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి 'ఎన్ఎన్‌కే' అని కొడితే ల్యాప్‌టాప్ లోపలి సామాన్ల చిట్టా మొత్తం వస్తుంది. అందులో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని ఉన్న వరుస చూడండి. మనిషికి ఆధార్ నంబర్ ఉన్నట్టే ప్రతి చిప్పుకూ చదరపు బ్రాకెట్లలో ఒక నంబర్ ఉంటుంది. మధ్యలో రెండు చుక్కలు ఉంటాయి, వాటికి ముందుండే సగం కంపెనీది. 8086 ఉంటే ఇంటెల్ (1978లో వాళ్ళు తెచ్చిన ప్రాసెసర్ పేరు అది, సరదాకు అదే నంబర్ పెట్టుకున్నట్టుంది). 168సీ ఉంటే అథెరోస్. 10ఈసీ ఉంటే రియల్‌టెక్. 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్. ఆ వరుస కిందనే 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అని ఉంటే డ్రైవర్ ఉన్నట్టు. ఆ మాటే లేకపోతే చిప్పు ఉంది గానీ దానితో మాట్లాడే దుబాసీ లేడన్నమాట. డాంగిల్ రూపంలో గుచ్చేవి ఈ చిట్టాలో రావు, వాటికి 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' అని అడగాలి.

ఇక్కడే అసలు కథ ఉంది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే "లైనక్స్‌లో వైఫై రాదు" అనే మాట పుట్టింది ఇక్కడే.

వైఫై చిప్పు పనిచేయాలంటే రెండు కావాలి. ఒకటి కంప్యూటర్ వైపు ఉండే డ్రైవర్. రెండోది చిప్పు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీలు విండోస్‌కు డ్రైవర్ తామే రాసి ఇచ్చేవి. 2000 తర్వాతి సంవత్సరాల్లో లైనక్స్ వాళ్ళు "మీ చిప్పు ఎట్లా పనిచేస్తుందో చెప్పండి, డ్రైవర్ మేమే రాసుకుంటాం" అని అడిగినా చాలా కంపెనీలు నోరు విప్పలేదు. బ్రాడ్‌కామ్ చిప్పుల విషయంలో కుర్రాళ్ళు ఏం చేశారో తెలుసా? ఒక జట్టు ఉన్న డ్రైవర్ చిప్పుతో ఎట్లా మాట్లాడుతుందో గమనించి కాగితం మీద పెట్టింది. ఇంకో జట్టు ఆ డ్రైవర్‌ను చూడకుండా, ఆ కాగితాలు మాత్రమే చదివి కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారని ఎవరూ అనకూడదని ఇన్ని తిప్పలు. అదీ కుదరని చోట విండోస్ డ్రైవర్‌నే తెచ్చి లైనక్స్‌లో నడిపే ఎన్‌డిస్‌రాపర్ అనే అతుకు వేసుకున్నారు. చివరికి 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్పులకు బహిరంగ డ్రైవర్ విడుదల చేసింది. పాత చిప్పుల ఫర్మ్‌వేర్ మాత్రం పంచిపెట్టే హక్కు ఎవరికీ లేదు. అందుకే అది చాలా లైనక్స్‌ల సీడీల్లో ఉండదు, నెట్ నుంచి దింపుకోవాలి. నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలి, ఆ ఫైలు కావాలంటే నెట్ రావాలి. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్న సామెత దీనికే పెట్టారేమో అనిపిస్తుంది!

ఇందులో లైనక్స్ తప్పు ఎంత? తాళం వేసినవాణ్ణి వదిలిపెట్టి తలుపు కొట్టినవాణ్ణి తిట్టినట్టు కాదా ఇది? అయితే లైనక్స్‌కు వంతపాడటం కూడా మా ఉద్దేశం కాదు. డెబియన్ వాళ్ళు మూసిన ఫర్మ్‌వేర్‌ను తమ అసలు ఇన్‌స్టాలర్‌లో పెట్టబోమని ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. సిద్ధాంతం గొప్పదే. కానీ ఒక్క ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్న విద్యార్థికి ఆ సిద్ధాంతం నల్ల తెర మీద ఒక ఎర్రర్‌గానే కనబడింది. 2022లో వాళ్ళు ఓటింగ్ పెట్టుకొని మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తున్నది. మంచి పని చేశారని మా అభిప్రాయం. ఇంటెల్ చిప్పులకైతే ఫర్మ్‌వేర్ పంచుకునే అనుమతి ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఉబుంటు, మింట్‌లలో అడగకుండానే పనిచేస్తాయి. చాలా అథెరోస్ చిప్పులకు విడిగా ఫైలే అక్కరలేదు. అంటే "లైనక్స్‌లో వైఫై రాదు" అన్నవాడు నిజానికి "నా ల్యాప్‌టాప్‌లోని చిప్పుకు ఫైలు లేదు" అనాలి. ఈ రెండు మాటలకూ మధ్య ఒక ల్యాప్‌టాప్ బీరువాలోకి పోయేంత దూరం ఉంది.

మరి ఆ పెళ్ళీ పిచ్చీ చిక్కుముడి విప్పేదెట్లా? ఆండ్రాయిడ్ ఫోను, ఒక యూఎస్‌బీ కేబుల్ చాలు. ఫోనును ల్యాప్‌టాప్‌కు కేబుల్‌తో కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ అనే చోట 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. హాట్‌స్పాట్ కాదు, దాని కింద ఉండే టెథరింగ్. లైనక్స్ ఆ ఫోనును ల్యాన్ వైరు అనుకుంటుంది. దీనికి డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది కాబట్టి ఏదీ వేయనక్కరలేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫోను హాస్టల్ వైఫైలో ఉంటే ఆ వైఫైనే కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది, మీ డేటా ఖర్చు కాదు. కొన్ని చౌక కేబుళ్ళు చార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరావు, పని కాకపోతే ముందు కేబుల్ మార్చండి. పదో తరగతి లోపు హాస్టళ్ళలో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, ఉండకూడదు కూడా. అక్కడ వార్డెన్ సారు ఫోనో ట్యూటర్ ఫోనో పది నిమిషాలు ఇస్తే చాలు. నెట్ వచ్చాక ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్', మింట్‌లో 'డ్రైవర్ మేనేజర్' తెరిస్తే మీ చిప్పుకు కావలసింది అదే చూపిస్తుంది. టిక్కు పెట్టి, అది దిగాక రీస్టార్ట్ చేయాలి.

ఇక్కడ ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడుతున్నారు. సెక్యూర్ బూట్ ఆన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బయటి డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. భయపడి 'కంటిన్యూ బూట్' కొట్టేస్తారు. డ్రైవర్ ఉన్నా పనిచేయదు. ఆ తెర మీద 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకొని, ఆ పాస్‌వర్డే కొట్టాలి. అట్లాగే నిన్నటిదాకా వచ్చిన వైఫై అప్‌డేట్ తర్వాత మాయమైతే, స్టార్ట్ అయ్యేటప్పుడు 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి పోయి పాత కెర్నెల్‌తో లేపండి. వైఫై వస్తే జబ్బు దొరికినట్టే, డ్రైవర్‌ను కొత్త కెర్నెల్‌కు మళ్ళీ వేసుకుంటే సరి.

రెండో జబ్బుకు పెద్ద వైద్యం అక్కరలేదు. అందరి ఫోన్లలో కనబడే పేరు ల్యాప్‌టాప్‌లో మాత్రమే కనబడకపోతే, ఆ పేరు 5 గిగాహెర్ట్జ్‌ది అయి ఉండవచ్చు. చాలా పాత చిప్పులకు 2.4 తప్ప తెలియదు. రూటర్ 12 లేక 13వ చానెల్‌లో ఉన్నా కొన్ని ల్యాప్‌టాప్‌లకు కనబడదు. రూటర్ పెట్టేవాళ్ళకు 1, 6, 11లలో ఏదో ఒకటి పెట్టమని చెప్పండి. పాస్‌వర్డ్ మార్చిన తర్వాత పాత పాస్‌వర్డ్‌తోనే కొట్టుకుంటూ ఉంటే ఆ పేరును 'ఫర్గెట్' చేసి మళ్ళీ కలపాలి. కలిసి, ఐదు నిమిషాలకోసారి తెగిపోతుంటే చాలాసార్లు అది కరెంటు పొదుపు. చిప్పును నిద్రపుచ్చే పవర్ సేవ్‌ను ఆపేస్తే కుదురుకుంటుంది.

మూడో జబ్బులో మాత్రం మన హాస్టళ్ళకే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. వేసవి సెలవుల్లో ల్యాప్‌టాప్ రెండు నెలలు బీరువాలో ఉంటుంది. లోపల గుండీ అంత బ్యాటరీ చచ్చిపోతుంది. జూన్‌లో తెరిచేసరికి తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంది. వైఫై కలుస్తుంది, కానీ ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు, 'సురక్షితం కాదు' అంటుంది. వెబ్‌సైటు ధ్రువపత్రాలకు గడువు తేదీలు ఉంటాయి కాబట్టి, తప్పు తేదీలో ఉన్న కంప్యూటర్ వాటిని నమ్మదు. తేదీ సరిచేస్తే చాలు! లైనక్స్‌దీ కాదు, వైఫైదీ కాదు, గోడ మీది క్యాలెండర్ చూసి బాగు చేసే జబ్బు ఇది. తేదీ సరిగానే ఉంటే 'పింగ్' రాసి, ఖాళీ వదిలి, 8.8.8.8 కొట్టండి. జవాబు వస్తుంటే నెట్ వచ్చినట్టే, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర ఆగింది. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ ఇచ్చే ఉచిత వైఫై లాంటి చోట్ల ఫోను నంబరు, ఓటీపీ అడిగే పేజీ తెరుచుకోవాలి. లైనక్స్‌లో అది ఒక్కోసారి తనంతట తాను రాదు. అప్పుడు బ్రౌజర్‌లో 'నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్' కొడితే ఆ పేజీ బయటపడుతుంది.

కొందరు మిత్రులు అడుగుతారు, ఇంత చదువు ఎందుకు, విండోస్ వేస్తే పోలేదా అని. దొంగ విండోస్ వేసిన షాపువాడు ఏం కలిపి వేశాడో మీకు తెలియదు, ఆ ల్యాప్‌టాప్‌లోనే మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు పెడతారు. అయినా మేం అనేది అది కూడా కాదు. బెంగళూరులోని ఒక బస్తీలో కర్ణాటక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వాళ్ళు అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ అని పెట్టి, పాత కంప్యూటర్ల మీద గ్నూ/లైనక్స్‌తోనే పిల్లలకు నేర్పారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనబడే ఆపరేటింగ్ సిస్టమే తయారు చేసింది. బస్తీ పిల్లలకు వచ్చిన విద్య హాస్టల్ పిల్లలకు రాదా? మనకు కొదవ తెలివి కాదు, రాసిపెట్టుకునే అలవాటు. ఒక సీనియర్ నానా తంటాలు పడి ఒక ల్యాప్‌టాప్ బాగు చేస్తాడు, ఏప్రిల్‌లో ట్రంకు పెట్టెతో పాటు ఆ విద్య కూడా ఇంటికి పోతుంది. జూన్‌లో వచ్చినవాడు మళ్ళీ మొదటినుంచి. మెస్‌లో బియ్యం, పప్పు లెక్కకు రిజిస్టర్ ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌కు ఎందుకు ఉండకూడదు? ఏ ల్యాప్‌టాప్‌లో ఏ చిప్పు, దాని నంబర్, ఏ డ్రైవర్ వేస్తే వచ్చింది, ఏ తేదీన ఎవరు చేశారు. తెలుగులో, చేతిరాతతో, ఒక లాంగ్‌బుక్ చాలు. నెట్ లేనప్పుడు చదువుకోవాల్సింది నెట్‌లో ఉంటే ఏం లాభం?

ఇక దాతలైన అన్నలకూ అక్కలకూ ఒక విన్నపం. మీ ప్రేమను తప్పుపట్టడం లేదు. కానీ ఇచ్చే ముందు పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటును 'ట్రై' పద్ధతిలో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా, ఒకసారి లేపి వైఫై గుర్తు వస్తుందో లేదో చూడండి. ఐదు నిమిషాల పని. రాకపోతే పనిచేసే డాంగిల్ ఒకటి జతచేసి ఇవ్వండి. ఏఆర్ 9271 చిప్పు ఉన్నవి ఫర్మ్‌వేర్ కోడ్‌తో సహా బహిరంగం కాబట్టి నిశ్చింత. అయితే డాంగిల్ డబ్బా మీది మోడల్ పేరు చూసి మోసపోవద్దు, అదే పేరుతో లోపలి చిప్పు మార్చి అమ్ముతుంటారు. లోపలి కార్డే మారుద్దామనుకుంటే, కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ కంపెనీ ఒప్పుకున్న కార్డు తప్ప ఇంకోటి పెడితే స్టార్టే కావని కూడా గుర్తుంచుకోండి. మీరిచ్చే పది ల్యాప్‌టాప్‌లలో నాలుగు బీరువాకు పోయేకంటే, పరీక్షించిన ఆరు ఇవ్వడమే మేలని మేం గట్టిగా అనుకుంటున్నాం. ఫొటోలో ఆరు తక్కువ కనబడితే కనబడనివ్వండి.

ఈసారి వార్షికోత్సవం రోజున, సాంస్కృతిక కార్యక్రమాలు మొదలు కాకముందు, స్టేజీ వెనుక గదిలో మేం ఒక టేబుల్ వేసుకొని కూర్చుంటాం. డేటా కేబుల్, 10 మీటర్ల ల్యాన్ వైరు, ఉబుంటు పెన్‌డ్రైవ్, కొత్త లాంగ్‌బుక్ మా దగ్గర ఉంటాయి. బీరువాలో ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ పట్టుకురండి, వాటి పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉన్నాయో ముందే కనుక్కోండి. చార్జర్లు మాత్రం మరిచిపోవద్దు, బ్యాటరీలు ఎట్లాగూ నిలవవు.